పోటు లేని నీళ్ళు

నేను మొదటిసారి మునిగిపోయింది ఛాతీ లోతు నీళ్ళలో. యాభై ఒక్కేళ్ళ వయసులో, బందరు ఊరి చివర నీలం పలకలు పరిచిన ఈత కొలనులో, మిట్టమధ్యాహ్నం ఎండలో. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇరవై ఏడేళ్ళుగా పడవ చుక్కాని పట్టినవాణ్ణి. ఆ సంగతి గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా చెప్పి, మీసం దువ్వుకుని మరీ లోపలికి వెళ్ళాను. దిగి, గట్టును కాలితో తన్ని పది బారలు వేశాను. పదకొండో బారకి కాళ్ళు రాళ్ళు కట్టినట్టు కిందికి దిగిపోయాయి. ముక్కులోకీ నోట్లోకీ మందు వాసన నీళ్ళు పోయాయి. చేతులు కొట్టుకుంటున్నాను, అరుద్దామంటే గొంతు లేవడం లేదు.

"బాబాయ్ గారూ, నిలబడండి!" అని గట్టు మీంచి ఒక ఆవిడ అరిచింది.

నిలబడొచ్చని నాకు తట్టలేదు. ఎలా తడుతుంది? మా ఏట్లో నడిమధ్య కాలికి నేల తగలదు. నిలబడ్డాను. నీళ్ళు ఛాతీ దగ్గర ఆగిపోయాయి. అంత సిగ్గు నా పెళ్ళిచూపుల్లో కూడా పడలేదు.

అరిచినావిడ పేరు షీబా. ఆ కొలనులో ఈత నేర్పే మేడం. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది.

"మీకు ఈత వచ్చని ఫోన్లో చెప్పారు కదండీ?" అంది.

"వచ్చనే అనుకున్నానమ్మా," అన్నాను దగ్గుతూ.

ఎక్కడో ఏ ఊళ్ళోనో పడవ బోల్తా పడిందట. దాంతో మా పడవల ఆఫీసు వాళ్ళకి మెలకువ వచ్చింది. చుక్కాని పట్టే ప్రతివాడూ కొలనులో వంద మీటర్లు ఆగకుండా ఈది చూపించాలన్నారు. గట్టు తాకి వెనక్కి తిరగొచ్చు గానీ పట్టుకుని నిలబడకూడదు. రెండు నెలల్లో అది చూపించకపోతే లైసెన్సు పోతుంది, చుక్కాని ఇంకొకడి చేతికి వెళ్తుంది. ఆ మాట విని మా రేవంతా నవ్వింది. "చేప పిల్లకి ఈత నేర్పుతారంట్రోయ్" అన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. అసలు పరీక్షకి ముందు కొలను ఎలా ఉంటుందో ఒకసారి చూసొద్దామని వెళ్తే ఇదీ సంగతి. ఆ కొలను పొడవు పాతిక మీటర్లు. వంద అంటే నాలుగు సార్లు ఆ చివరి నుంచి ఈ చివరికి ఈదాలి. నేను ఒక్కసారిలో సగం కూడా ఈదలేకపోయాను.

వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చిన్నప్పటి ఈతలన్నీ గుర్తు చేసుకున్నాను. ఆటు తీసే వేళ పై రేవులో దూకేవాళ్ళం, కింది రేవులో తేలేవాళ్ళం. పోటెక్కే వేళ కింది రేవులో దూకి పై రేవులో లేచేవాళ్ళం. ఒక్కసారైనా నీళ్ళకి ఎదురు ఈదామా? లేదు. ఈదుతున్నామనుకున్నాం. ఏరు మమ్మల్ని మోసుకొచ్చింది, మేం చేతులు ఆడించాం. అంతే. ఆ తరవాత పడవ చేతికొచ్చింది. పడవ ఉన్నవాడికి నీళ్ళలో దిగే పనేముంది? మోకాలు దాటి నేను తడిసి పాతికేళ్ళయింది.

నా పడవలో రోజుకి వందమంది కూర్చుంటారు. ఏటి అవతల లంకలోకి వెళ్ళే టీచర్లు, నర్సమ్మ, బుట్టలతో ఆడవాళ్ళు, చంటిపిల్లలు. గాలి కాస్త విసిరితే అందరూ నా వైపు చూస్తారు. నేను బీడీ వెలిగిస్తే ధైర్యం తెచ్చుకుంటారు. ఆ చూపులన్నీ ఆ రోజు బస్సులో నా మెడ మీద కూర్చున్నాయి. ఇరవై ఏడేళ్ళు ఎంతమందిని మోసం చేశానో అనిపించింది.

ఇంటికెళ్ళి మా ఆవిడ పుష్పావతికి చెప్పాను. ఎక్కడా అనొద్దని ఒట్టు వేయించుకున్నాను.

"నీకు ఈత రాదా?" అంది చేతిలో చేపని వదిలేసి.

"కొంచెం వచ్చు."

"కొంచెం ఏంటయ్యా? ఈత కొంచెం రావడమేంటి? ఒడ్డుకొస్తావా రావా, అది చెప్పు."

నేను కిందపడ్డ చేపని తీసి ఇచ్చాను. ఆవిడే కాసేపటికి, "ఎవరికీ చెప్పన్లే. వెళ్ళి నేర్చుకో," అంది.

నేర్చుకో అనడం తేలిక. పొద్దున్నే ఐదున్నరకి మొదటి పడవ తియ్యాలి. తొమ్మిదికి పొద్దుటి ట్రిప్పులు అయిపోతాయి. రేవు నుంచి కోడూరుకి ఆటో, కోడూరు నుంచి అవనిగడ్డకి ఒక బస్సు, అవనిగడ్డ నుంచి బందరుకి ఇంకో బస్సు. పన్నెండుకి కొలనులో దిగితే ఒంటిగంటకి బయటపడాలి. మళ్ళీ బస్సు, మళ్ళీ బస్సు, మళ్ళీ ఆటో. నాలుగున్నరకి సాయంత్రం పడవ. వారానికి మూడు రోజులు ఇదే తిరుగుడు. తలప్రాణం తోకకొచ్చేది. బస్సులో నిద్రపోయి రెండుసార్లు అవనిగడ్డ బస్టాండు దాటిపోయాను. భుజాలు ఎంత లాగేవంటే, అన్నం ముద్ద ఎత్తడానికి ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకోవాల్సి వచ్చేది.

మధ్యాహ్నం కొలనులో వేరే ఎవరూ ఉండరు. షీబా మేడం తెల్లవారుజాము నుంచి పిల్లలకి నేర్పి, మళ్ళీ సాయంత్రం బ్యాచీలకి ముందు దొరికే ఆ కాస్త విరామం నాకిచ్చింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని క్యారేజీ విప్పేది. ఒక కన్ను అన్నం మీద, ఒక కన్ను నా మీద. మనిషి మెత్తగానే మాట్లాడేది గానీ తప్పు మాత్రం వదిలేది కాదు.

"తల దించండి."

"దించితే అవతలి గట్టు కనపడదమ్మా."

"అవతలి గట్టు ఎక్కడికీ పోదండీ. తల ఎత్తితే నడుం దిగిపోద్ది, నడుంతో కాళ్ళు దిగిపోతాయి. నేల చూడండి. నల్ల గీత ఉందిగా, దాని మీదే రండి."

గట్టు కనపడకుండా ముందుకెళ్ళడం నాకు ప్రాణసంకటమైంది. చుక్కాని పట్టేవాడు కళ్ళు దించితే పడవ ఇసుక మేటెక్కుతుంది. ఇరవై ఏడేళ్ళు మెడ నిటారుగా పెట్టి బతికినవాణ్ణి నేల చూడమంటే మెడ వింటుందా? వారం రోజులు పట్టింది. ఆ తరవాత ఊపిరి. నేను ఊపిరి బిగబట్టి వెళ్ళేవాణ్ణి, తల లేపినప్పుడు వదలాలా పీల్చాలా తెలియక గుటకలు మింగేవాణ్ణి. "నీళ్ళలో ఊదెయ్యండి, పక్కకి తిరిగి పీల్చండి, ఒక చెవి నీళ్ళలోనే ఉండాలి" అని ఆవిడ అన్నం చేత్తోనే చూపించేది. గట్టు పట్టుకుని బుడగలు ఊదడం నా పని. ఆ బుడగలు చూసి వాచ్‌మన్ నవ్వాడు. మొదటి రోజు మీసం దువ్వాను కదా, నవ్వడా మరి.

మూడో వారానికి ఒక పొడవు ఈదగలిగాను. రెండోదానికి తిరగ్గానే ఒళ్ళు చచ్చిపోయేది. ఎంత ప్రయత్నించినా అంతే. ముందుంది ముసళ్ళ పండగ, ఇంకా మూడు మిగిలాయి.

ఒకరోజు షీబా మేడం క్యారేజీ మూత పెట్టేసి నన్ను ఫోన్లో వీడియో తీసింది. గట్టు మీద కూర్చోబెట్టి చూపించింది. నన్ను నేను ఈదుతుండగా చూసుకోవడం అదే మొదలు. బట్టతల, రెండు నల్లటి చేతులు. కుడి చెయ్యి ముందుకి సాగుతుంది, నీళ్ళని లాగుతుంది, ఆ తరవాత ఎడమ చెయ్యి ముందుకి సాగి అలాగే ఉండిపోతుంది. ఒక క్షణం, రెండు క్షణాలు. ఈలోగా కాళ్ళు దిగిపోతాయి. అప్పుడు కంగారుగా ఇంకో బార.

"బార బారకీ ఆగుతున్నారు. ఎవరి కోసం బాబాయ్ గారూ?" అంది.

ఆ మాటే పట్టుకుని బస్సెక్కాను. తిరుగు బస్సు పులిగడ్డ వంతెన ఎక్కినప్పుడు కిందికి చూస్తే ఒక చిన్న పడవ పోతోంది. మనిషి తెడ్డు ఒడిలో పెట్టుకుని చుట్ట తాగుతున్నాడు. నీళ్ళు అతన్ని తీసుకెళ్తున్నాయి. అప్పుడు తెలిసింది నేను ఎవరి కోసం ఆగుతున్నానో. పోటు కోసం. మా పనంతా అదే కదా. ఎదురు తొయ్యం, కాచుకుంటాం. నీళ్ళు తిరిగే వేళ చూసి కదులుతాం, ఒక తోపు తోసి మిగతాది ఏటికి వదిలేస్తాం. మా నాన్న నేర్పిందీ అదే. బందరు కొలనులో కూడా నా చేతులు ఒక బార వేసి, ఇక ఏరు చూసుకుంటుందిలే అని ఊరుకుంటున్నాయి.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ మాట షీబా మేడంతో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "ఇవి ఎక్కడికీ వెళ్ళని నీళ్ళండీ. మీరు వెళ్తేనే వెళ్తారు," అని చెప్పి, ఒక చెయ్యి నీళ్ళు లాగడం అయ్యేసరికి రెండోది నీళ్ళు పట్టుకోవాలని గాల్లో చూపించింది. మధ్యలో ఖాళీ ఉండకూడదు. చెప్పినంత తేలిక కాదు, ఆగొద్దు ఆగొద్దని లోపల అరుచుకుంటూ ఈదాలి. ఆ వారం రెండు పొడవులయ్యాయి. ఇంకో రెండు వారాలకి మూడు. మూడు దగ్గర ఆగిపోయింది. నాలుగోదానికి తిరుగుతూనే నిలబడేవాణ్ణి. నిలబడొచ్చని తెలియక మునిగినవాణ్ణి, ఇప్పుడు నిలబడే అలవాటు మానుకోలేకపోయాను.

గడువుకి వారం ఉందనగా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఎవరో గుమాస్తా. "అందర్నీ బందరు రప్పించి మేం నిలబడి చూడ్డం ఎక్కడవుద్దండీ? మీకు ఈత వచ్చని ఊళ్ళో ఒక పెద్దమనిషి, ఒక బడి టీచరు సంతకం పెట్టిస్తే చాలు. ఫారం వాట్సాప్‌లో పంపిస్తన్నా. శనివారంలోగా ఇచ్చెయ్యండి," అన్నాడు.

అబద్ధమెందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. రేవులో కూలబడి కాసేపు కళ్ళు మూసుకున్నాను. ఇక బస్సులు లేవు, ఆ మందు వాసన లేదు, చెవిలో నీళ్ళు లేవు. వెంటనే కోడూరులో ఫారం ప్రింటు తీయించి కోటేశ్వరరావు గారి రొయ్యల చెరువు దగ్గరికి వెళ్ళాను. మా ఊరికి పెద్దమనిషి ఆయనే. మోటారు సైకిలు మీంచి దిగకుండా, ట్యాంకు మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. "నీకు ఈత వచ్చని నేను చెప్పాలంట్రా ఏడుకొండలూ! కలికాలం," అని నవ్వాడు. నేనూ నవ్వాను. మళ్ళీ నేనే గట్టిగా నవ్వాను.

రెండో సంతకానికి పూర్ణిమ టీచరు ఉంది. లంకలో చిన్నబడి ఆవిడది. కోడూరు నుంచి వస్తుంది. ఆరేళ్ళుగా రోజూ నా పడవలోనే, చుక్కానికి దగ్గరగా, బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. నీళ్ళంటే భయం. మంగళవారం సాయంత్రం ఆఖరి ట్రిప్పులో అందరూ దిగాక ఆవిణ్ణి ఆపి కాగితం ఇచ్చాను.

"దీనికింత మొహమాటం దేనికండీ," అని బ్యాగులోంచి పెన్ను తీసింది. "సోమవారం నుంచి మా యశస్వినిని కూడా నాతో తెస్తన్నానండీ. మా అత్తగారికి మోకాలి ఆపరేషను, ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేరు. ఐదేళ్ళ పిల్లని ఏరు దాటించడమేంటని మావారు గొడవ. ఏడుకొండలు గారి పడవండీ, ఆయనుండగా ఏం కాదు అని చెప్పాను."

కాగితం మోకాలి మీద పెట్టుకుంది. పెన్ను మూత తీసింది.

నేను మాట్లాడకుండా ఉంటే ఇంకో అర నిమిషంలో అయిపోయేది. ఉండాలనే అనుకున్నాను. ఎంత అలిసిపోయానో నాకే తెలుసు. కానీ ఆ పిల్ల వయసు చెవిలో పడ్డాక నోరు ఊరుకోలేదు.

"టీచర్ గారూ, ఆగండి. నాకు ఈత రాదండీ."

వేళాకోళం అనుకుని నవ్వబోయింది. నా మొహం చూసి ఆగింది. అంతా చెప్పాను. ఛాతీ లోతులో మునిగిన దగ్గర నుంచి మూడు పొడవుల దాకా. చెబుతున్నంతసేపూ ఆవిడ నా వంక చూడలేదు, ఏటి వంక చూస్తోంది. అవతలి రేవు దాకా చూసి, మళ్ళీ ఇవతలి దాకా చూసింది. ఆరేళ్ళ ప్రయాణాలు లెక్కేసుకుంటోందేమో. నా పరువు ఏట్లో కలిసిందనుకున్నాను. రేపు పొద్దున్నకి ఊరంతా తెలుస్తుంది.

"నాలుగు కావాలి, మూడు వచ్చినయ్యా?" అంది చివరికి, క్లాసులో అడిగినట్టు.

"అవునండీ."

కాగితం నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో వేసుకుంది. "నాలుగోది వచ్చాక అడగండి. పెడతాను," అని లేచి, నేను అందించిన చెయ్యి పట్టుకోకుండానే రేవులో దిగి వెళ్ళిపోయింది.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. బుధవారం పొద్దున్న పడవెక్కి ముందు బల్ల మీద, నాకు దూరంగా కూర్చుంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ రోజు బందరు వెళ్ళి మూడు పొడవులు ఈది, నాలుగోదానికి తిరిగి నిలబడిపోయాను. గురువారం కూడా ముందు బల్లే.

శుక్రవారం ఎండ మండిపోతోంది. షీబా మేడం కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. నాలుగింటికి లేచిందట. "మొదలెట్టండి, చూస్తుంటాను," అని గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నేను గట్టు తన్నాను. నేల చూడు. ఊదు. ఆగకు. మొదటిది అయింది. రెండోది అయింది. మూడోదానికి భుజాలు నావి కావు. గట్టు తాకాను. కాళ్ళు అలవాటుగా నేలకి దిగబోయాయి. కాలికి నేల తగలని చోటు గుర్తొచ్చింది, పడవ బల్ల మీద ఐదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. కాళ్ళు ముడుచుకుని తన్నాను. నాలుగోది ఈతలా లేదు, పెనుగులాటలా ఉంది. రెండుసార్లు నీళ్ళు మింగాను. మధ్యలో చేతులు ఆగుదామన్నాయి. ఎవరూ రారురా, నిన్ను ఎవరూ మొయ్యరు అని తిట్టుకున్నాను. వేళ్ళు గట్టుకి కొట్టుకున్నాయి.

గట్టు పట్టుకుని చాలాసేపు రొప్పాను. తరవాత తల ఎత్తి, "చూశారా అమ్మా?" అన్నాను.

షీబా మేడం తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. ఒళ్ళో క్యారేజీ విప్పకుండానే నిద్రపోయింది. వాచ్‌మన్ గేటు దగ్గర లేడు. లేపుదామా అనుకున్నాను. లేపితే మళ్ళీ ఈదమంటుంది, నా వల్ల కాదు. పైగా ఆ నిద్ర చూస్తే లేపబుద్ధి కాలేదు. చప్పుడు కాకుండా ఎక్కి, తల తుడుచుకుని బస్సు కోసం నడిచాను.

ఆ సాయంత్రం ఆఖరి ట్రిప్పులో పూర్ణిమ టీచరు అందరూ దిగేదాకా కూర్చునే ఉంది. నేనే దగ్గరికి వెళ్ళాను.

"నాలుగోది అయిందండీ."

"ఎవరు చూశారు?"

ఇంత పనీ చేసి ఈ ప్రశ్న దగ్గర చిక్కుకున్నాను. షీబా మేడం అని ఒక్క మాట అంటే పోయేది. "ఎవరూ చూళ్ళేదండీ. మేడం నిద్రపోయారు," అన్నాను.

నా మొహంలోకి చాలాసేపు చూసింది. బ్యాగులోంచి కాగితం తీసి మడతలు విప్పింది. మోకాలి మీద పెట్టుకుని, పెద్ద అక్షరాలతో, పిల్లలకి రాసినట్టు నిదానంగా సంతకం చేసింది.

"టీచర్ గారూ, నాలుగంటే వంద మీటర్లేనండీ," అన్నాను. "ఈ ఏరు దానికి ఏడింతలుంటది. పోటు మీదుంటే నా ఒక్కడికే కష్టం. ఇంకొకర్ని పట్టుకుని ఈదడం నాకు అసలు రాదు."

"ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పినవాళ్ళు లేరు," అంది. కాగితం నా చేతిలో పెట్టింది. "సోమవారం పిల్లని తెస్తాను. నా పక్కన కాదు, మీ పక్కనే కూర్చోబెడతాను."

ఈసారి నా చెయ్యి పట్టుకుని దిగింది. ఆవిడ రేవు మెట్లెక్కి ఆటో ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను. సంతోషం వేస్తుందనుకున్నాను, వేయలేదు. భయం వేసింది. ఇరవై ఏడేళ్ళలో ఆ ఏటిని చూసి నేను భయపడటం అదే మొదటిసారి.